అమ్ముడైంది సరే, మిగిలిందెంత? – సేంద్రియ సేద్యంపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పంట గురించి కాదు, డబ్బు గురించే. నాకు సంతోషంగా అనిపించింది. సేంద్రియ సేద్యం అనగానే నేల, వానపాములు, ఆరోగ్యం అంటూ మాట్లాడుకుంటాం, అవన్నీ నిజమే, కానీ చేసేవాడి ఇల్లు గడవకపోతే నాలుగో ఏడాదికి ఆ నేల మళ్ళీ రసాయనాల చేతికే వెళ్ళిపోతుంది. అందుకని ఈ నెల లెక్కలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి వాటిని కలిపి, కుదించి రాశాను.

ప్రశ్న: ఉద్యోగం మానేసి సేంద్రియ కూరగాయల పొలం మొదలుపెడదామని ఉంది. దాచుకున్న డబ్బుతో మూడు ఎకరాలు కొనొచ్చు. మొత్తం ఒకేసారి మొదలుపెట్టమంటారా?

వద్దండీ. భూమి కొనడం కూడా ఇప్పుడే వద్దు. దాచుకున్నదంతా భూమిలో పెట్టేస్తే బోరు, డ్రిప్, నారు, వల, వాహనం వీటికి మళ్ళీ అప్పు చెయ్యాలి, మొదటి రెండేళ్ళు ఆ అప్పు మీకంటే ముందు నిద్రలేస్తుంది. పావు ఎకరం కౌలుకి తీసుకోండి, నీళ్ళు ఖాయంగా ఉండే చోట, రోజూ వెళ్ళగలిగే దూరంలో. పావు ఎకరం అంటే వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు. బాటలు వదిలేసినా 75 సెంటీమీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న మడులు ఇరవైకి తగ్గకుండా వస్తాయి. ఇద్దరు మనుషులు, అందులో ఒకరు సగం రోజే వచ్చినా, చేతినిండా పని.

మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యండి, దీన్ని మాత్రం దాటవెయ్యకండి. విత్తనం కొనకముందే కొనేవాళ్ళను వెతకండి. తెలిసినవాళ్ళు ‘మీరు పండిస్తే తప్పకుండా కొంటాం’ అంటారు, అది మర్యాద మాట, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వారానికి ఏమేం కొంటారు, ఎంత కొంటారు, ఏ రోజు కావాలి, ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, అక్కడ నచ్చనిదేంటి అని అడిగి రాసుకోండి. ఒక ముప్పై ఇళ్ళూ, రెండు హోటళ్ళూ, ఒక దుకాణం ఇలా అడిగేసరికి ఏం పండించాలో మీ నోట్‌బుక్కే చెబుతుంది. నేను మొదటి ఏడాది ఇది చెయ్యలేదు. నాకు ఇష్టమైనవన్నీ వేశాను, ముప్పైకి పైగా రకాలు. పంట బాగా వచ్చింది, దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు, కోసినదాంట్లో చాలా భాగం తిరిగి కంపోస్ట్ కుప్పలోకే వెళ్ళింది.

ఉద్యోగం సంగతి: వీలుంటే మొదటి ఏడాది మానకండి. జీతం వస్తున్నప్పుడు చేసిన తప్పు పాఠం అవుతుంది, జీతం ఆగాక అదే తప్పు చేస్తే ఇంటి అద్దెకి ఎసరు పెడుతుంది.

ప్రశ్న: ఐదేళ్ళుగా ఎకరంన్నరలో సేంద్రియ పద్ధతిలో ఇరవై ఐదు రకాల కూరగాయలు పండిస్తున్నాం. తెచ్చినవన్నీ అమ్ముడవుతాయి, అందరూ మెచ్చుకుంటారు. కానీ ఏడాది చివర చూస్తే చేతిలో ఏమీ ఉండదు. నేనూ మావారూ పొద్దున్నుంచి రాత్రి దాకా పొలంలోనే ఉంటాం. ఎక్కడ తప్పు జరుగుతోంది?

అమ్మా, మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ఖర్చుల పట్టిక కూడా పంపారు, చాలా మంచి పని చేశారు. విత్తనం ఉంది, ఎరువు ఉంది, డీజిల్ ఉంది, సంచులు ఉన్నాయి. మీ ఇద్దరి కూలి మాత్రం ఎక్కడా లేదు. తప్పు అక్కడ మొదలైంది. ఇంట్లోవాళ్ళ కష్టానికి ఖరీదు కట్టకపోతే ఏ పంట మిమ్మల్ని పోషిస్తోందో, ఏది మీ రక్తం తాగుతోందో ఎప్పటికీ తెలియదు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఒక మడి తీసుకుందాం. అంకెలు నేను ఊహించి వేస్తున్నాను, మీవి మీరు పెట్టుకోండి. 30 మీటర్ల మడిలో ఆకుకూర చల్లారు. 300 కట్టలు వచ్చాయి. మడి తయారీకి గంటన్నర, చల్లడానికి అరగంట, కలుపుకి 4 గంటలు, నీళ్ళూ వల కప్పడమూ తియ్యడమూ ఒక గంట. ఇక్కడికి 7 గంటలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు, ఎందుకంటే మన మనసులో వ్యవసాయం అంటే కోత దాకానే. కానీ గంటకి 50 కట్టలు కోసి కడితే కోతకే 6 గంటలు పడుతుంది, కడిగి సర్దడానికి ఇంకో 2 గంటలు. బండి నడిపి, నిలబడి అమ్మి, ఇంటికి చేరడానికి ఈ మడి వాటాగా 5 గంటలు. మొత్తం 20 గంటలు. అందులో 13 గంటలు కోత మొదలయ్యాక పడినవే!

ఇప్పుడు 300 కట్టల్లో 50 మిగిలిపోయాయి, లేదా వాడిపోయాయి. 250 అమ్ముడయ్యాయి. విత్తనం, ఎరువు, సంచులు, డీజిల్ కలిపి 50 కట్టల ధర అనుకుందాం. అంటే 20 గంటల కష్టానికి 200 కట్టల డబ్బు, గంటకి 10 కట్టలు. మీ చుట్టుపక్కల ఒక గంట కూలి 8 కట్టల ధరకి సమానమైతే ఈ మడి నిలబడింది, గంటకి 2 కట్టలు మిగిల్చింది. అదే కూలి 12 కట్టలైతే, గంటకి 2 కట్టల చొప్పున మీరే మీ జేబులోంచి కొనేవాళ్ళకి ఇస్తున్నారు. ఇలాంటి మడులు ఎన్ని పెంచితే నష్టం అంత పెరుగుతుంది.

ఇంకో లెక్క కూడా కావాలి. మడి ఎన్నాళ్ళు ఇరుక్కుపోయింది? ఆకుకూర 40 రోజుల్లో ఖాళీ చేస్తుంది, టమాటా ఐదు నెలలు కూర్చుంటుంది. టమాటా మొత్తం డబ్బు ఎక్కువ కనిపించినా, దాన్ని వారాలతో భాగిస్తే ఆకుకూర కంటే తక్కువ రావచ్చు. లేదా ఎక్కువే రావచ్చు, అది మీ దిగుబడిని బట్టి ఉంటుంది. అందుకే ప్రతి పంటకీ రెండు అంకెలు రాసుకోవాలి: గంటకి ఎంత మిగిల్చింది, మడి ఉన్న ఒక్కో వారానికి ఎంత మిగిల్చింది. మనుషులు తక్కువ ఉన్న పొలానికి మొదటి అంకె ముఖ్యం, నేల తక్కువ ఉన్నవాళ్ళకి రెండోది. మీకు మొదటిదే.

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. మడి చివర ఒక కర్ర పాతి నంబరు రాయండి, జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి, పని మొదలెట్టిన టైమూ ముగించిన టైమూ రాయండి. ఇరవై ఐదు పంటలకీ ఒకేసారి రాయడం ఎవరివల్లా కాదు, వారం తిరక్కముందే విసుగొచ్చి మానేస్తారు. ఈ సీజన్‌లో ఐదు తీసుకోండి: రెండు మీకు బాగా లాభం అనిపించేవి, రెండు అనుమానంగా ఉన్నవి, ఒకటి మీకు బాగా ఇష్టమైనది. ఇష్టమైనదాన్ని కావాలనే కలపమంటున్నాను. నాకు బఠాణీ అంటే ప్రాణం. చేత్తో ఒక్కో కాయా కోసుకుంటూ పోతే గంట గడిచినా బుట్ట అడుగు కూడా నిండదు. మూడేళ్ళు లెక్క వెయ్యకుండా తప్పించుకుని, నాలుగో ఏడాది వేసి చూశాక, ఇంటికి సరిపడా రెండు సాళ్ళకి తగ్గించాను. చిన్న టమాటాలు కూడా అంతే, తీగ నిండా ఉంటాయి, గిన్నె నిండేసరికి నడుం పడిపోతుంది. వాటికి ఆ కష్టానికి తగ్గ ధర పలికితేనే వెయ్యండి.

కౌలు, అప్పు వడ్డీ, బండి, వలలు, సర్టిఫికేషన్ ఫీజు ఇలాంటివి పంట వేసినా వెయ్యకపోయినా ఉండే ఖర్చులు. ఏడాది మొత్తాన్ని మడుల సంఖ్యతో భాగించి, ఒక్కో మడి నెత్తిన దాని వాటా పెట్టండి. అది కూడా మొయ్యగలిగిన పంటే నిజంగా లాభం తెచ్చినట్టు.

ఇదంతా చేశాక మీకు మూడు దారులు కనిపిస్తాయి. కొన్ని పంటలు మానెయ్యడం, కొన్నిటి గంటలు తగ్గించడం, కొన్నిటి ధర పెంచడం. ధర పెంచడానికి చాలామంది భయపడతారు, ముఖ్యంగా తెచ్చినదంతా గంటలో అయిపోయేవాళ్ళు. గంటలో అయిపోతోందంటే ధర తక్కువగా ఉందన్నమాట! ఒక్క రెండు పంటలకి పెంచి నెల రోజులు చూడండి. రోజూ కొనేవాళ్ళకి కారణం చెప్పండి, గొణిగినట్టు కాదు, మామూలుగా. నాకు తెలిసినంతలో కొద్దిమంది వెళ్ళిపోతారు, ఉన్నవాళ్ళు ఉంటారు, మీకు నిద్రపోయే టైము దొరుకుతుంది.

ఇంకోటి, డబ్బు కాని మాట. ఐదేళ్ళుగా వారంలో ఏడు రోజులూ పని చేస్తున్నామని రాశారు. వారంలో ఒక రోజు పొలానికి వెళ్ళకుండా ఉండేలా పంటల పట్టిక మార్చుకోండి. ఇది సలహా అనుకోకండి, బతిమాలుతున్నాను. నేలని కాపాడుకున్నంత జాగ్రత్తగా మిమ్మల్ని మీరు కాపాడుకోకపోతే ఈ లెక్కలన్నీ వేసి ఏం లాభం.

ప్రశ్న: రసాయనాలు మానేసి ఏడాదైంది. దిగుబడి పడిపోయింది, ‘సేంద్రియం’ అని చెప్పుకోవడానికి ఇంకా వీల్లేదంటున్నారు. అప్పటిదాకా ఎలా గట్టెక్కాలి? అసలు సర్టిఫికేట్ అవసరమా?

రసాయనాలు మానేశాక ‘సేంద్రియం’ అని చెప్పుకునేదాకా ఆగాల్సిన కాలాన్ని మార్పు కాలం అంటారు, అది దేశాన్ని బట్టి, పంటను బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఏడాది పంటలకి విత్తడానికి ముందు 2 ఏళ్ళు, పండ్ల తోటల్లాంటి బహువార్షికాలకి కోతకి ముందు 3 ఏళ్ళు. అమెరికాలో నిషేధిత పదార్థం చివరిసారి వాడిన నాటి నుంచి కోత దాకా 36 నెలలు. మీ దేశం నిబంధన చదవండి, ఎవరో చెప్పింది నమ్మి మొదలుపెట్టకండి.

దిగుబడి పడిపోవడం మీ చేతకానితనం కాదు. ప్రపంచంలో పలుచోట్ల జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సేంద్రియ దిగుబడి సగటున ఇంచుమించు 20 శాతం తక్కువ అని తేలింది, పంటను బట్టి ఈ తేడా బాగా మారుతుంది. మొదటి ఏళ్ళలో ఇంకా ఎక్కువ కనిపించడానికి కారణం ఉంది. సంచిలోంచి పోసిన నత్రజని మొక్కకి వెంటనే అందుతుంది, ఎరువులోనూ పచ్చిరొట్టలోనూ ఉన్న నత్రజనిని మాత్రం నేలలోని సూక్ష్మజీవులు విడగొట్టి ఇవ్వాలి. వాటి సంఖ్య పెరగడానికి మేత కావాలి, కాలం కావాలి. అందుకే ఈ కాలంలో ఎక్కువ తిండి అడిగే క్యాబేజీ, మొక్కజొన్న లాంటివి తగ్గించండి, చిక్కుడు జాతి పంటలు ఎక్కువ వెయ్యండి. వాటి వేళ్ళ బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టుకొస్తుంది. పూత మొదలయ్యేటప్పుడు కోసి నేలలో కలిపేస్తే తర్వాతి పంటకి అదే పెట్టుబడి.

డబ్బు విషయానికొస్తే, పొలం మొత్తం ఒకేసారి మార్చకుండా ముక్కలుగా మార్చేవాళ్ళున్నారు. అప్పు భారం ఉన్నవాళ్ళకి అదే మేలు. కానీ ఒకే రకం పంటని ఒక ముక్కలో సేంద్రియంగా, ఇంకో ముక్కలో మామూలుగా పండిస్తే తనిఖీలో పెద్ద చిక్కు, ఏది ఏ పొలానిదో మీరు చూపించలేరు. ఈ కాలంలో కొనేవాళ్ళతో ఉన్నదున్నట్టు చెప్పండి: రసాయనాలు మానేసి ఇన్ని నెలలైంది, ఇవి వాడుతున్నాం, ఇవి వాడటం లేదు అని. మార్పు కాలంలో ఏ మాట రాయొచ్చో, ఏది రాయకూడదో కూడా నిబంధనల్లోనే ఉంటుంది. అబద్ధపు లేబుల్ ఒక్కసారి బయటపడితే ఆ ఊరు మళ్ళీ నమ్మదు.

ఇక సర్టిఫికేట్. మీరు పండించింది మీ మొహం ఎప్పుడూ చూడని మనిషి కొంటాడా? అయితే అవసరం. దుకాణానికి, దూరప్రాంతానికి, ఎగుమతికి అది లేకుండా కుదరదు. వారం వారం పొలానికి వచ్చి చూసే యాభై ఇళ్ళకే అమ్ముతుంటే అంత అవసరం ఉండకపోవచ్చు. అయితే సర్టిఫికేట్ లేకుండా ‘సేంద్రియం’ అనే మాట వాడటమే నేరమయ్యే దేశాలున్నాయి, అది ముందు చూసుకోండి. రెండిటికీ మధ్య దారి ఒకటుంది, భాగస్వామ్య హామీ పద్ధతి అంటారు, తోటి రైతులూ వినియోగదారులూ కలిసి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. 1972లో మొదలైన అంతర్జాతీయ సేంద్రియ సమాఖ్య ఐఫోమ్ ఈ పద్ధతిని ప్రోత్సహిస్తోంది. ఖర్చు తక్కువ, పైగా పక్క రైతు దగ్గర నేర్చుకోవడానికి దొరికేది చాలా ఎక్కువ. ప్రభుత్వం దాన్ని గుర్తిస్తుందా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

ఏ దారి పట్టినా రికార్డులు ఇవాళ్టి నుంచే రాయండి. విత్తనాల పొట్లాలు, ఎరువు బిల్లులు పారెయ్యకండి. పొలం పటం గీసుకుని ఏ ముక్కలో ఏ తేదీన ఏం వేశారో, ఎంత కోశారో, ఎంత అమ్మారో రాయండి. తనిఖీకి వచ్చినవాళ్ళు మీ విస్తీర్ణానికి వచ్చే దిగుబడినీ మీరు అమ్మిన మొత్తాన్నీ పోల్చి చూస్తారు. పండినదానికంటే ఎక్కువ అమ్మినట్టు తేలితే బయటి సరుకు కలిపారనే అర్థం. ఈ పుస్తకమే పై జవాబులో చెప్పిన లాభనష్టాల లెక్కకి కూడా పనికొస్తుంది, ఒక్క దెబ్బకి రెండు పనులు.

ప్రశ్న: కూలీల ఖర్చులో సగం కలుపుకే పోతోంది. క్యారెట్ మడి చూస్తే ఏడుపొస్తుంది. మార్గం చెప్పండి.

క్యారెట్ మొలవడానికే వారం నుంచి మూడు వారాలు తీసుకుంటుంది, ఆలోగా కలుపు మోకాలు దాకా వచ్చేస్తుంది. విత్తాక పీకుదాం అనుకుంటే ఓడిపోయినట్టే, విత్తకముందే గెలవాలి. మడి పూర్తిగా తయారు చేసి, నీళ్ళు పెట్టి, ఏమీ విత్తకుండా రెండు వారాలు వదిలెయ్యండి. పైపొరలో ఉన్న కలుపు విత్తనాలు చాలావరకు మొలుస్తాయి. వాటిని ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు దాటకుండా గీకెయ్యండి, లేదా మంటతో మాడ్చెయ్యండి. లోతుగా తవ్వారంటే కింద నిద్రపోతున్న విత్తనాలను పైకి తెచ్చి మళ్ళీ మొదటికి వస్తారు. ఇంకోసారి చేస్తే ఇంకా మంచిది. ఆ తర్వాతే క్యారెట్ విత్తండి.

టైముంటే నల్ల టార్పాలిన్ కప్పండి, తడి నేల మీద, అంచుల్లో ఇసుక బస్తాలు పెట్టి, వేడి కాలంలో నాలుగు నుంచి ఆరు వారాలు. కింద మొలిచినవన్నీ వెలుతురు లేక చచ్చిపోతాయి. తుంగ మాత్రం చావదు, దాని గడ్డలు లోపల భద్రంగా ఉంటాయి, దానికి ఓపికగా గడ్డలతో సహా తియ్యడం తప్ప నాకు వేరే మార్గం దొరకలేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు టైములో ఉంది. కలుపు పైకి కనిపించకముందు మట్టిని కాస్త కదిపి చూస్తే తెల్లటి దారాల్లా ఉంటుంది. ఆ దశలో పొడవు కర్ర ఉన్న చిన్న గీకుడు పారతో ఒక మడి ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది, నిలబడే చెయ్యొచ్చు. మూడు వారాలు ఆగితే అదే మడికి ఇద్దరు మనుషులు సగం రోజు కూర్చుని పీకాలి. కాబట్టి ‘కలుపు వచ్చినప్పుడు తీద్దాం’ అని కాకుండా వారంలో ఫలానా రోజు పొలమంతా గీకుతాం అని పెట్టుకోండి, కలుపు కనిపించినా కనిపించకపోయినా. ఒక్క మొక్కని కూడా గింజ కట్టనివ్వకండి. అడవి తోటకూర జాతిలో ఒక్క పెద్ద మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు, ఆ ఒక్క మొక్కా ఎన్నేళ్ళ కూలి తింటుందో ఆలోచించండి.

ప్రశ్న: బయటి నుంచి పశువుల ఎరువు కొని వేశాం. టమాటా, చిక్కుడు చిగుళ్ళు ముడుచుకుని మెలితిరిగిపోతున్నాయి. వైరస్ అంటున్నారు. నిజమేనా?

కావచ్చు, కానీ ఉత్తరంలో ఒక మాట రాశారు, ఎరువు వెయ్యని రెండు మడులూ బాగానే ఉన్నాయని. వైరస్ అయితే సాధారణంగా అక్కడక్కడా మొదలై పాకుతుంది. ఎరువు పడిన మేరా ఒకేలా ముడుచుకుంటే ఎరువులో కలుపుమందు ఉందేమో అనుమానించాలి. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ అనే మందులు గడ్డి భూముల్లో వెడల్పాకు కలుపు మీద కొడతారు. ఆ గడ్డి తిన్న పశువుకి పెద్దగా హాని కనపడదు, కానీ మందు పేడలోంచి అలాగే బయటికి వస్తుంది, కంపోస్ట్ చేసినా నెలల తరబడి పూర్తిగా పోదు. టమాటా, చిక్కుడు, బఠాణీ జాతులు దీని రవ్వంత మోతాదుకే మెలితిరిగిపోతాయి.

ఇది నాకూ జరిగింది. ఎరువు ఇచ్చినాయనకి కూడా తెలియదు, ఆయన గడ్డి ఇంకెవరి దగ్గరో కొన్నారు. ఆ ఏడాది టమాటా మొత్తం పోయింది, ముందే డబ్బు కట్టిన ఇళ్ళకి వెనక్కి ఇచ్చేశాను. అప్పట్నుంచి పరీక్ష చెయ్యకుండా ఒక్క బుట్ట కూడా పొలంలోకి రానివ్వను. పరీక్ష తేలిక: నాలుగు కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, నాలుగు కుండీల్లో ఎరువు లేని మంచి మట్టి, అన్నిట్లో చిక్కుడు గింజలు. కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి ఎరువు తియ్యండి. ఒక కుండీ నీళ్ళు ఇంకో కుండీలోకి కారకూడదు. మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకులు రెండు వరసల్లోనూ మామూలుగా వస్తే వాడుకోవచ్చు.

మీ నేలలో ఇప్పటికే పడింది కాబట్టి ఈ చెత్తనీ మొక్కల్నీ కంపోస్ట్‌లో కలపకండి. నేలని గాలి ఆడేలా కదుపుతూ ఉండండి, సూక్ష్మజీవులే దాన్ని విడగొట్టాలి. మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డి జాతి పంటలు తట్టుకుంటాయి, అవి వెయ్యండి, వాటి చొప్ప వేరే మడుల మీద కప్పకండి. మళ్ళీ టమాటా పెట్టేముందు ఆ మడి మట్టితోనే కుండీ పరీక్ష చెయ్యండి. సర్టిఫికేట్ ఉంటే అది ఇచ్చిన సంస్థకి మీరే ముందుగా తెలియజెయ్యండి.

మామూలు పచ్చి ఎరువు, అంటే మాగబెట్టని పశువుల ఎరువు గురించి కూడా ఒక మాట. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం తినే భాగం మట్టికి తగిలే పంటలకి పచ్చి ఎరువు వేసిన తర్వాత కోతకి 120 రోజులు, తగలనివాటికి 90 రోజులు ఆగాలి. అందులో రోగకారక క్రిములు ఉండొచ్చు కాబట్టి ఎక్కడ ఉన్నవాళ్ళైనా కనీసం అంత పాటించడం మంచిది.

ప్రశ్న: పక్క పొలం వాళ్ళు మందు కొడితే గాలికి మా మీద పడుతోంది. గొడవ పెట్టుకోవాలా?

ముందు వెళ్ళి మాట్లాడండి, ఖాళీ చేతులతో కాదు, మీ పంటేదైనా తీసుకుని. ఎప్పుడు కొడతారో ముందు రోజు చెప్పమనండి, గాలి మీ వైపు వీచే పూట మానమనండి. చాలామంది వింటారు. సరిహద్దులో గుబురుగా పెరిగే చెట్ల వరస పెట్టండి, ఎదిగేదాకా కొన్ని మీటర్లు రక్షణ పట్టీ వదలండి, ఆ పట్టీలో పండినది విడిగా కోసి, విడిగా లెక్క రాసి, సేంద్రియం కాకుండా మామూలుగా అమ్మండి.

ప్రశ్న: నెలవారీ కూరగాయల బుట్ట పథకం పెట్టాం, ముందే డబ్బు కడితే వారం వారం బుట్ట ఇస్తాం. అరవై ఇళ్ళు చేరాయి, మూడు నెలల్లో ఇరవై ఐదు మానేశాయి. రుచి బాగుందనే అంటున్నారు. మరి ఎందుకు మానేశారు?

ఫోన్ చేసి అడగండి. మానేసినవాళ్ళకి ఫోన్ చెయ్యడం కష్టంగా ఉంటుంది, నాకూ మొదటిసారి గొంతు పెగల్లేదు, కానీ ఆ ఇరవై ఐదు ఫోన్లలో తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. నేను విన్న కారణాలు మూడే: ఇద్దరే ఉన్నాం ఎక్కువైపోతోంది, మూడు వారాలుగా అదే కూర వస్తోంది, ఊరెళ్ళిన వారం డబ్బు వృథా అయింది. రుచి ఎవరి నోటా రాలేదు.

ఈ పథకం కొత్తది కాదు. జపాన్‌లో 1970ల మొదట్లో తెయికెయి అనే పేరుతో గృహిణులూ రైతులూ నేరుగా ఒప్పందం చేసుకున్నారు. అమెరికాలో 1986లో ఈశాన్య ప్రాంతంలోని రెండు పొలాల్లో ఇలాంటిదే మొదలైంది, సీజన్ మొదట్లోనే డబ్బు కట్టి, పంట బాగున్నా బాగోకున్నా రైతుతో పాటు పంచుకోవడం దాని మూలం. ఆ మాట మీ సభ్యులకి చేర్చారా? వాళ్ళు దీన్ని ఇంటికొచ్చే దుకాణంలా చూస్తుంటే వాళ్ళ తప్పు కాదు, మనం చెప్పలేదు.

చిన్న బుట్ట, పెద్ద బుట్ట అని రెండు పెట్టండి. ఊరెళ్ళే వారం మానుకునే వీలివ్వండి, మూడు రోజుల ముందు చెబితే చాలు అనండి. బుట్టలో సగం మీరు నిర్ణయించండి, రెండు మూడు రకాలు వాళ్ళు ఎంచుకునేలా ఉంచండి. ఒకే పంట వరసగా రెండు వారాలకి మించి రాకుండా విత్తే తేదీలు చూసుకోండి. ఆకుకూరలు ఒకేసారి పది మడులు కాదు, పది పన్నెండు రోజులకొక మడి. పొలంలో వంద బుట్టలకి సరిపడా వస్తుందని లెక్క తేలితే డెబ్భైకే మాట ఇవ్వండి, ఎందుకంటే ఒక వడగళ్ళ వాన, ఒక పురుగు ఆ ముప్పైని తినేస్తాయి. మిగిలితే హోటల్‌కి అమ్ముకోవచ్చు.

ముందుగా వచ్చిన డబ్బు మీది కాదు, అది అప్పులాంటిది. విడి ఖాతాలో వేసి, బుట్ట ఇచ్చిన నెలకి ఆ నెల వాటా మాత్రమే తీసుకోండి. సీజన్ మొదట్లో చేతినిండా ఉన్నట్టు కనిపించి, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు కూలీలకి ఇవ్వడానికి లేక ఇబ్బంది పడినవాళ్ళని చూశాను. ఇప్పుడున్న ముప్పై ఐదు ఇళ్ళనీ ముందు నిలబెట్టుకోండి, కొత్తవాళ్ళ కోసం ప్రకటనలు తర్వాత.

ప్రశ్న: ఉదయం ఎనిమిదికి కోసిన ఆకుకూర మధ్యాహ్నానికే వాడిపోతోంది. సగం ధరకి ఇచ్చేస్తున్నాం. చల్లటి గది కట్టే స్తోమత లేదు.

ఎనిమిదికి కొయ్యడమే ఆలస్యం. కోశాక కూడా ఆకు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లు అవుతుంది, అంటే అది బతికే టైము అంత తగ్గుతుంది. తెల్లవారకముందే, ఆకు మీద రాత్రి చల్లదనం ఉండగానే కొయ్యండి. కోసిన బుట్ట మడి పక్కన పది నిమిషాలు కూడా ఎండలో ఉండకూడదు, నీడకి చేర్చడానికే ఒక మనిషిని పెట్టండి. వెంటనే చల్లటి శుభ్రమైన నీళ్ళలో, అంటే మనం తాగగలిగే నీళ్ళలో ముంచి తీసి, నీరు ఓడ్చి, తడి గుడ్డ కప్పి గాలి ఆడే నీడలో పెట్టండి. నీళ్ళు వేడెక్కుతుంటే మార్చండి. పండిన టమాటాలు అదే బండిలో పక్కన పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు ఆకుల్ని పసుపు పచ్చగా మార్చేస్తుంది. టమాటాలని మరీ చల్లగానూ ఉంచకూడదు, 12 డిగ్రీల కంటే తగ్గితే రుచీ రంగూ దెబ్బతింటాయి.

చల్లటి గది ఆలోచన తర్వాత చేద్దాం. ఒక చిన్న థర్మామీటర్ కొనండి. రేపు ఎప్పట్లాగే ఎనిమిదికి కోసిన కట్టల మధ్య పెట్టి అంకె రాసుకోండి, ఎల్లుండి ఐదింటికి కోసి, ముంచి తీసిన కట్టల మధ్య పెట్టి ఆ అంకె రాసుకోండి. రెండు రోజులూ మధ్యాహ్నం ఎన్ని కట్టలు సగం ధరకి ఇచ్చారో కూడా రాసి పంపండి, గది కట్టాలా వద్దా అన్నది ఆ అంకెలు చూసి వచ్చే నెల మాట్లాడుకుందాం.